చెప్పుకోలేని దిగులుకు మందేదీ?

వరంగల్: కరోనా భయం తగ్గింది. మాస్కులు మూలన పడ్డాయి. కర్రలు కట్టి దారులు మూసిన వీధుల్లో మళ్లీ పెళ్లి బాజాలు మోగుతున్నాయి. కాని ఆ రోజుల్లో మనసులో చొరబడిన దిగులు మాత్రం చాలా ఇళ్లలో ఇంకా గడప దాటలేదు. రోగానికి ఆసుపత్రి దొరికింది. ఆకలికి రేషను బియ్యం దొరికాయి. దిగులు చెప్పుకోవడానికి మాత్రం చోటు దొరకలేదు. 2020 నాటి లాక్‌డౌన్ గురించి ఈ ప్రాంతంలో ఎవరిని కదిపినా చివరకు తేలే మాట ఇదే.

ఆ ఏడాది ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు మేడారంలో సమ్మక్క-సారలమ్మ జాతర జరిగింది. భక్తులు కోటి దాటారని అధికారుల అంచనా. దారులన్నీ బస్సులతో, బండ్లతో కిక్కిరిసిపోయాయి. ఆరు వారాలు తిరిగేసరికి, మార్చి 22న జనతా కర్ఫ్యూ వచ్చింది. అదే రోజు రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. 25 నుంచి దేశమంతా తలుపులు వేసుకుంది. కాజీపేట జంక్షన్‌లో ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. వరంగల్ చౌరస్తాలో పట్టపగలు కుక్కలు తప్ప మనిషి కనిపించలేదు.

మొదట మార్చి 31 వరకే అన్నారు. తర్వాత ఏప్రిల్ 30 అన్నారు. ఆ పైన మే 7, ఆ పైన మే 29. ఇలా వాయిదా మీద వాయిదా పడుతుంటే ప్రజలు బెంబేలెత్తిపోయారు. కష్టం ఎన్నాళ్లో తెలిస్తే మనిషి పళ్లు బిగించి ఓర్చుకుంటాడు. ఎన్నాళ్లో తెలియని కష్టమే మనిషిని లోలోపల తొలిచేస్తుంది.

గత్తర నాటి ముచ్చట

కరోనాను పల్లెల్లో ముసలివారు 'గత్తర' అన్నారు. వెనుకటి రోజుల్లో కలరాకు ఇక్కడ వాడుకలో ఉన్న పేరది. గత్తర వస్తే ఊరంతా ఇళ్లు వదిలి చెల్కల్లో గుడిసెలు వేసుకునేదని తాతలు చెప్పగా విన్నవారు ఇప్పటికీ ఉన్నారు. భయమున్నా పక్కన మనిషి ఉండేవాడు. పోచమ్మకు బోనం చేసినా, పోయినవారి కోసం ఏడ్చినా అంతా కలిసే. కరోనా వచ్చాక ఎవరింట్లో వారే. కూడబలుక్కునే వీలు లేకుండా పోయింది. పెద్దల మాటల్లో చెప్పాలంటే, "గత్తరల మందితోని భయపడ్డం, గీ కరోనల ఒక్కలమే భయపడ్డం."

ఆగిన మగ్గం - పట్టని నిద్ర

వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు పెట్టింది పేరు. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పేరు పెద్దదే అయినా నేసేవాడి కూలి నేసినదాన్ని బట్టే. లాక్‌డౌన్‌లో నూలు రాలేదు. నేసిన సరుకు కదలలేదు. మిల్లు మూతపడితే బతుకులు ఏమవుతాయో ఈ ఊరికి కొత్త కాదు. 1934లో నెలకొల్పిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడినప్పుడు చూసిందే. అయితే అప్పుడు పని పోయినవాడు మరో పని వెతుక్కుంటూ వీధిలోకైనా వెళ్లగలిగాడు. ఈసారి వీధి కూడా బందే.

యాభై ఏళ్లు దాటిన ఒక నేత కార్మికుడు ఆ నెలల్లో తెల్లవారకముందే లేచి ఉత్త మగ్గం మీద కూర్చునేవాడని ఇంటివారు చెబుతున్నారు. చేతిలో పని లేదు. మడత పెట్టిన జంపఖానాలను రోజూ లెక్కపెట్టేవాడు. ఎన్నిసార్లు లెక్కించినా అవే. రాత్రిళ్లు గుండె దడదడలాడుతోందంటే ఆరెంపీ డాక్టరు గ్యాసు మాత్రలు ఇచ్చాడు. తగ్గలేదు. మనసులో బాధ ఉందని ఆయనా చెప్పలేదు, డాక్టరూ అడగలేదు. మగ్గం మళ్లీ ఆడినా, ఇప్పటికీ నూలు రావడం నాలుగు రోజులు ఆలస్యమైతే ఆయనకు కంటిమీద కునుకు ఉండదు.

మిర్చి సీజన్‌లో తాళం

ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే కాలంలోనే లాక్‌డౌన్ వచ్చిపడింది. రైతు పంట కల్లంలో ఉంది, అప్పు అడ్తిదారు పద్దులో ఉంది. యార్డు మూతపడటంతో రెంటికీ మధ్య దారి తెగింది. మబ్బు పట్టినప్పుడల్లా కల్లం దగ్గర గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నామని రైతులు గుర్తు చేసుకుంటారు. రోజు కూలితో పొయ్యి వెలిగించుకునే హమాలీలు, దడవాయిల సంగతి మరీ అధ్వాన్నం. కార్డుదారులకు ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చి ఆదుకుంది. అన్నం గండం గడిచింది. కిరాయి, కిస్తీ, బిడ్డ పెళ్లికి తెచ్చిన వడ్డీ ఇవి మాత్రం లాక్‌డౌన్ పాటించలేదు.

మిరప కోతలకు వచ్చిన వలస కూలీల గోస మరింత దయనీయం. ములుగు జిల్లాలో కోతలకు వచ్చిన ఛత్తీస్‌గఢ్‌కు చెందిన 12 ఏళ్ల బాలిక ఒకరు తోటివారితో కలిసి కాలినడకన ఇంటిదారి పట్టింది. మూడు రోజులు నడిచి, 2020 ఏప్రిల్ 18న, మరికొద్ది దూరంలో ఇల్లు ఉందనగా ప్రాణం విడిచింది. ఆ వార్త విన్న తల్లులు తమ బిడ్డలను దగ్గరకు తీసుకుని కంటతడి పెట్టారు.

ముఖం చాటేసిన మాస్టారు

హనుమకొండ అంటే చదువుల ఊరు. బడులు మూతపడటంతో ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయుల జీతాలు ఆగిపోయాయి. కొందరు ఉపాధి హామీ పనికి వెళ్లి గడ్డపార పట్టారు. కొందరు తోపుడుబండి మీద కూరగాయలు అమ్మారు. అలా టమాటాలు అమ్మిన ఒక సోషల్ మాస్టారు, మాస్కు తనకు రోగం నుంచి రక్షణ కన్నా శిష్యుల తల్లిదండ్రులు గుర్తుపట్టకుండా ఉండటానికే ఎక్కువ పనికొచ్చిందని నవ్వుతూ చెబుతారు. ఆ నవ్వు వెనుక ఎంత వేదన ఉందో వింటే గాని తెలియదు. 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. పోయిన గౌరవం మాత్రం ఏ కోటాలోనూ రాలేదని ఆయన వాపోతున్నారు.

నాలుగు గోడల మధ్య

బయట నిశ్శబ్దంగా ఉన్నా ఇళ్లలో అలా లేదు. మగవారు, పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉండటంతో ఆడవారికి పొయ్యి దగ్గర నుంచి లేచే తీరిక లేకుండా పోయింది. ఇంట్లో కొట్లాటలు, దెబ్బలు పెరిగాయి. 2020లో ఇంటి హింసపై ఫిర్యాదులు ఎక్కువయ్యాయని జాతీయ మహిళా కమిషన్ కూడా ప్రకటించింది.

మద్యం దుకాణాలు మూసివేసిన ఆ నెలన్నరలో మరో ఉపద్రవం వచ్చిపడింది. తాగుడుకు, మందు కలిపిన కల్లుకు అలవాటుపడినవారు అవి ఒక్కసారిగా అందక చేతులు వణికి, లేనివి కనిపించి, పొంతన లేకుండా మాట్లాడారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అటువంటివారు పెద్ద సంఖ్యలో వచ్చారు. మే 6న దుకాణాలు తెరవగానే బారులు తీరిన జనాన్ని చూసి అందరూ నవ్వుకున్నారు. అది రోగమని, దానికి వైద్యం ఉందని చెప్పినవారు తక్కువ.

విదేశీ విమానాలు ఆగడంతో అమెరికాలో కొడుకు, హనుమకొండలో తల్లిదండ్రులు సెల్‌ఫోను తెర మీదనే ఒకరినొకరు చూసుకున్నారు. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఒక్క ఫోను ఉన్న ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే రోజూ తగవే. రెండో విడత 2021 మే 12 నుంచి జూన్ 19 వరకు మళ్లీ లాక్‌డౌన్ వచ్చింది. ఆ నెలల్లో మరణాలు చూసిన ఇళ్ల బాధ వర్ణనాతీతం. పాడె మోయడానికి నలుగురు రాలేదు. పదకొండో నాడు పది మంది కూర్చుని పోయినవారి మంచి చెడ్డా చెప్పుకోలేదు. ఆనాడు ఏడవని ఏడుపు ఇప్పటికీ గొంతులోనే ఉందని వారంటున్నారు.

గొర్రెకుంట చెప్పిన పాఠం

2020 మే 21, 22 తేదీల్లో గీసుకొండ మండలం గొర్రెకుంటలో ఒక బావి నుంచి 9 మృతదేహాలు వెలికితీశారు. అందరూ పొట్ట చేత పట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారే. పని లేక, ఊరికి పోలేక ప్రాణాలు తీసుకుని ఉంటారని మొదట జనమంతా అనుకున్నారు. పోలీసుల దర్యాప్తులో అది హత్య అని బయటపడింది. అదే ఏడాది అక్టోబర్‌లో వరంగల్ కోర్టు నిందితుణ్ణి దోషిగా నిర్ధారించింది. నిజం వేరని తేలినా, జనం మొదటి ఊహ అటే పోవడం గమనించదగ్గది. ఆ రోజుల్లో అటువంటి ఆలోచన ఎవరికీ వింతగా తోచలేదన్నమాట. ప్రతి ఇంటా దిగులు అంత దగ్గరగా తచ్చాడింది.

గడప దగ్గర ఆగిన ఆశా

ఇంతటి చీకట్లోనూ గడప గడపకూ వచ్చిన మనిషి ఆశా కార్యకర్త. జ్వరం ఉందా, దగ్గు ఉందా అని రాసుకోవడమే ఆమెకు అప్పగించిన పని. అయితే వాకిట్లో నిలబడి రెండు నిమిషాలు ఆగితే చాలు, ఆడవారు మనసులో మాట చెప్పుకునేవారు. "నిద్ర పడుతలేదు చెల్లె", "అన్నం సయిస్తలేదు", "ఊకె ఏడుపొస్తంది" - ఇవేవీ ఆమె రాసుకునే కాగితంలో గడి ఉన్న రోగాలు కావు. అయినా ఆమె విన్నది. మళ్లీ రేపు వస్తానని చెప్పి వెళ్లింది. రేపు ఒక మనిషి వస్తుందన్న ధైర్యంతోనే తెల్లవార్లూ గడిపామని చెప్పే తల్లులు ఉన్నారు.

ఆ ఆశా ఇంటికి వెళ్లాక ముందు వాకిట్లోనే స్నానం చేసి, ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకునేది. రోగం తెస్తుందని ఇరుగుపొరుగు ముఖం తిప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలను ప్రపంచ స్థాయి అవార్డుతో గౌరవించింది. కాని అందరి దిగులూ విన్న ఆశా తన దిగులు ఎవరికి చెప్పుకోవాలి?

'పిచ్చి' అంటారనే భయం

కరోనా వచ్చిన మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెల్లడించింది. మన దేశంలో 2021లో ఆత్మహత్యలకు పాల్పడినవారిలో ప్రతి నలుగురిలో ఒకరు రోజు కూలీ అని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. అయినా మనసు బాగాలేదని చెప్పడానికి మన దగ్గర ఇంకా జంకు పోలేదు. చెబితే పిచ్చి అంటారు, బిడ్డకు సంబంధాలు రావంటారు, గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, చేసే పని మీద ఆసక్తి పోయినా, బతుకు వృథా అనిపించినా డాక్టరుకు చూపించుకోవాలని మానసిక వైద్యశాస్త్రం చెబుతోంది. జ్వరం లాగే ఇది కూడా తగ్గే జబ్బే. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ సేవ ప్రారంభించింది. 14416 నంబరుకు పైసా ఖర్చు లేకుండా, రాత్రనక పగలనక ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలని, వారికి చికిత్స అందించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. కేసులకు భయపడి దాచిపెట్టుకోవలసిన అవసరం లేదు.

అయితే ఈ నంబరు గురించి తెలియని ఇళ్లు పల్లెల్లో కోకొల్లలు. రేషను దుకాణం గోడ మీద, ఏనుమాముల యార్డులో, కొత్తవాడ వీధుల్లో, బడి గేటు పక్కన 14416ను పెద్ద అక్షరాలతో రాయించాలని స్థానికులు కోరుతున్నారు. జ్వరంతో పాటు నిద్ర సంగతి కూడా అడిగేలా ఆశాలకు శిక్షణ ఇవ్వాలని, మండలానికి వారంలో ఒక రోజైనా మనసు వైద్యుడు వచ్చేలా చూడాలని అంటున్నారు. మరో గత్తర ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. అది వచ్చే లోపే సంబంధిత అధికారులు ఈ విషయమై తగు చర్యలు గైకొనవలసి ఉంది. అంతవరకు పక్కింటివారు చేయగలిగింది కూడా ఒకటుంది. "అన్నం తిన్నవా?" అని అడిగే నోటితోనే "నిద్ర పడుతుందా?" అని కూడా అడగడం.