మోకాలి కీలు మార్పిడి: ఇల్లు చేరిన పిదప జాగ్రత్తలు

2000 అక్టోబరులో నాటి ప్రధాని వాజపేయిగారి మోకాలి కీలు మార్చుటకు డాక్టరు చిత్తరంజన్ రణావత్ న్యూయార్కు నుండి ముంబయికి వచ్చిరి. మనకట్టి వెసులుబాటు ఎక్కడిది! గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వారు హైదరాబాదుకో, కర్నూలుకో, పిల్లలున్న పరదేశమునకో పోవలసినదే. రోగి ఇల్లు చేరును, శస్త్రవైద్యుడు అక్కడే ఉండును. చిక్కు అప్పుడే మొదలగును.

పిక్క వాచి, బిగిసి, నొప్పి పుట్టినచో ఇంటి పెద్దలు మహానారాయణ తైలము వెచ్చచేసి మర్దనకు కూర్చుందురు. సంధివాతమునకు ఆ తైలమును నేనును ఇత్తును. ఇక్కడ మాత్రము వలదు. సిరలో రక్తము గడ్డకట్టి ఉండవచ్చును. మర్దనకు ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయము. వెంటనే ఆసుపత్రిలో చూపవలెను. ఆయాసము, ఎదనొప్పి కూడ తోచినచో క్షణమాగక 108కు ఫోను చేయవలెను.

గాయము నుండి రసి కారినను, జ్వరము వచ్చినను పసుపు పట్టు వేసి కూర్చుండరాదు. లోహపు కీలునంటిన చీము ఏ లేపమునకును లొంగదు. రక్తము గడ్డకట్టకుండుటకిచ్చిన మాత్రలను స్వయముగా మానరాదు. వైద్యునడుగక వాటికి తోడు గుగ్గులు మందులు వాడరాదు.

తిరుగు ప్రయాణమున గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. ఆసుపత్రి వదలకముందే డిశ్చార్జి కాగితము, అమర్చిన కీలు వివరముల చీటి, రాత్రివేళ పలుకు ఫోను నంబరు అడిగి తీసుకొనవలెను. అర్ధరాత్రి మీ ఊరి వైద్యుడు మొదట అడుగునవి అవియే.