నేలవేషం

పండుగ అనగానే మనకు పూజ, పిండివంట, కొత్తబట్ట గుర్తుకు వస్తాయి. వీటితో సమానమైన అంగం మరొకటి ఉన్నది. అది వేషం. ఏడాది పొడుగునా రైతుగానో, కూలీగానో, కొట్టులో గుమాస్తాగానో బ్రతికిన మనిషి ఒకరోజు ముఖానికి రంగు పూసుకొని పులిగా, దొరగా, దేవతగా ఊరి నడుమ నిలబడతాడు. ఊరు అతనిని చూచి నవ్వుతుంది, భయపడినట్లు నటిస్తుంది, ఒక్కొక్కసారి చేతులెత్తి నమస్కరిస్తుంది. ఇటువంటి వేషాల పండుగను పాశ్చాత్యులు కార్నివాల్ అంటారు. మనకు ఆ పేరు లేదు గాని ఆ పండుగ ఉన్నది. ఒకనాటి విశాఖపట్నం జిల్లాలోను, 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలోను ఉన్న చోడవరం పరిసరాలలో సంక్రాంతి నెలతో మొదలై ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య వరకు సాగే కాలమంతా ఒక విధంగా వేషాల ఋతువే.

కార్నివాల్ అనే మాటకు మూలం లాటిన్ భాషలో ఉన్నదని, మాంసాన్ని విడిచిపెట్టడం దాని అర్థమని పండితులలో పెక్కుమంది అభిప్రాయం. ఈస్టరుకు ముందు క్రైస్తవులు నలభై రోజులు ఉపవాసదీక్ష పాటిస్తారు. ఆ దీక్షలో ప్రవేశించక ముందే తినవలసినది తిని, ఆడవలసినది ఆడి, నవ్వవలసినది నవ్వి తీరాలన్న తహతహ నుండి ఈ ఉత్సవం పుట్టింది. వెనిస్ నగరంలో ముసుగు ధరించినవాడు ప్రభువో పనివాడో తెలిసేది కాదు. తెలియకపోవడమే అక్కడి ఆనందం. పోర్చుగీసువారి వెంట ఈ ఉత్సవం మన దేశంలోని గోవాకు కూడ వచ్చి, నేటికీ ఫిబ్రవరి ప్రాంతాలలో జరుగుతున్నది.

మన లెక్క దీనికి తలక్రిందులుగా ఉంటుంది. వారిది ముందు విందు, తరువాత దీక్ష. మనది ముందు దీక్ష, తరువాత విందు. డిసెంబరు మధ్యలో ప్రవేశించే ధనుర్మాసం నియమాల నెల. తెల్లవారకముందే వాకిట కళ్లాపి, ముగ్గు, గొబ్బెమ్మలు, గుడిలో తిరుప్పావై, ప్రసాదంగా వేడి పొంగలి. నెల గడిచిన పిదప భోగిమంట రగులుతుంది. సంక్రాంతినాడు పెద్దలకు పెట్టుకొని, కనుమనాడు పశువులను పూజించి మినపగారెలు తింటారు. ముక్కనుమ వచ్చేసరికి చాల ఇండ్లలో మాంసం కూర ఉడుకుతుంది. నెలరోజులు బిగించిన త్రాడు ఆ మూడు నాలుగు రోజులలో ఒక్కసారిగా వదులవుతుంది. వేషగాడు ఊరిలో అడుగుపెట్టడానికి అదే అదను.

అయితే త్రాడు వదులైనంత మాత్రాన వేషం పుట్టదు. వేషగానికి పెట్టడానికి ఇంట్లో గింజలు ఉండాలి. చోడవరం చుట్టుప్రక్కల పల్లెలలో వరికోతలు, నూర్పులు పుష్యమాసం నాటికి ముగింపుకు వస్తాయి. అదే సమయానికి చెరకు చేతికి అందుతుంది. గానుగల దగ్గర పెనాలలో పాకం కాగుతుంది. ఆ బెల్లం దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లికి చేరుతుంది. చోడవరం సమీపాన గోవాడలో వెలసిన సహకార చక్కెర కర్మాగారం దశాబ్దాల తరబడి ఈ ప్రాంతపు రైతు జమాఖర్చులను శాసించింది. కొత్తబియ్యము, కొత్తబెల్లము కలిస్తే అరిసె. ఆ రెండింటి వలన వచ్చిన రూపాయి తోడైతే ఉత్సవం. కనుక ఈ ఋతువును పంచాంగం ఎంతగా నిర్ణయించినదో పంట కూడ అంతగానే నిర్ణయించినది.

కళ్లంలో రాశి పోసిన నాడు రైతు ఆ గింజలన్నింటినీ ఇంటికి తోలుకొనిపోయేవాడు కాదు. చేతివృత్తుల వారికి మేర కొలిచేవాడు. ఊరిని ఆశ్రయించిన కళాకారులకు కూడ ఆ రాశిలో కొంత వాటా ఉండేది. దీనిని భిక్ష అని పిలవడం మనకు అలవాటైపోయింది గాని, అది భిక్ష కాదు, ఒక ఒప్పందం. తలపై అక్షయపాత్ర నిలిపి, దారిలో ఎక్కడా దించకుండ కీర్తనలు పాడుతూ వచ్చే హరిదాసు ఎవరినీ నోరు తెరచి అడగడు. వాకిట నిలిచిన గంగిరెద్దు తల ఊపితే చాలు, చేట నిండా బియ్యం వస్తాయి. కొమ్మదాసరి పద్ధతి వేరు. అతడు చెట్టుకొమ్మ ఎక్కి కూర్చొని, ఇవ్వకపోతే దూకుతానని ఊరివారిని బెదిరిస్తాడు. దూకడని అందరికీ తెలుసు. అయినా క్రింద గుమిగూడి బ్రతిమాలుతారు. ఆ బ్రతిమాలుట కూడ ఆటలో భాగమే.

ఈ వరుసలో ముఖ్యులు పగటివేషగాండ్రు. యక్షగానమో వీథినాటకమో అయితే రాత్రివేళ దివిటీల వెలుగులో ఆడతారు. పగటివేషానికి రంగస్థలం లేదు, తెర లేదు, చీకటి మరుగు లేదు. నిండు పగలు, వీథి మధ్యలో, ప్రేక్షకునికి మూరెడు దూరంలో నిలబడి నమ్మించాలి. ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు శ్రీశైలంలోని శివరాత్రి ఉత్సవాన్ని వర్ణిస్తూ, పండితారాధ్య చరిత్రలో నాటి ఆటలను, వేషాలను పేర్కొన్నాడు. వేషాలలో అర్ధనారీశ్వర వేషం కష్టమైనది. దేహంలో సగం శివుడు, సగం పార్వతి. ఒక వస్త్రాన్ని అడ్డుపెట్టుకొని ఒక్కొక్క ప్రక్కనే చూపుతూ, ఒకే కంఠం నుండి రెండు స్వరాలు పలికించాలి.

అర్ధనారీశ్వరుడు మెప్పు పొందితే, పిట్టలదొర నవ్వు పొందుతాడు. చిరిగిన ఖాకీ చొక్కా, నెత్తిన దొరటోపీ, చేతిలో కొయ్య తుపాకి. తనకు లేని ఆస్తులు లేవని, తనను ఎరుగని అధికారి లేడని కోతలు కోస్తాడు. పైకి చూస్తే ఇది వట్టి హాస్యం. కాని ఆ టోపీ ఎవరిది? ఆ తుపాకి ఎవరిది? తెల్లదొరల ఏలుబడిలో ఆ టోపీని చూచి వణికిన రైతే, వేషగాని తలపై అదే టోపీని చూచి కడుపుబ్బ నవ్వినాడు. దొర పోయినా వేషం పోలేదు. అటుపై వచ్చిన అధికారులు, నాయకులు కూడ అతని మాటలలో తలదాచుకొనక తప్పలేదు. వేషంలో ఉన్నవాని మాటకు తప్పుపట్టరాదన్నది ఊరి కట్టుబాటు.

ఇటువంటి కట్టుబాటుకు దూరదేశంలో ఒక చక్కని పోలిక కనిపిస్తుంది. చెరకుతోటల ద్వీపమైన ట్రినిడాడుకు కార్నివాల్‌ను తెచ్చినవారు ఫ్రెంచి భూస్వాములు. బానిసత్వం రద్దయిన తరువాత, అంటే 1830ల అనంతరం, ఆ తోటలలో పనిచేసిన నల్లజాతివారు ఆ ఉత్సవాన్ని తమ చేతిలోకి తీసుకొన్నారు. నిన్నటి యజమానుల వలె వేషాలు కట్టి వారిని గేలి చేశారు. తగులబడిన చెరకుతోటలను ఆర్పడానికి తమను అర్ధరాత్రి తరుముకొనిపోయిన నాటి బాధను దివిటీలు పట్టి వీథులలో ప్రదర్శించారు. ఆ ఊరేగింపు పేరు కాన్‌బూలే, అనగా కాలిన చెరకు. 1881లో పోలీసులు దానిని అడ్డగించగా పెద్ద ఘర్షణ జరిగింది. మన పిట్టలదొర అంతదూరం పోలేదు. అతడు తిరుగుబాటు చేయలేదు, నవ్వించాడు. అయినప్పటికీ ఇద్దరి చేతిలోని ఆయుధం ఒక్కటే.

సంక్రాంతి గడిచినా చోడవరం ప్రాంతంలో సందడి తగ్గదు. ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క రోజున తీర్థం జరుగుతుంది. తీర్థమంటే ఇక్కడ పుణ్యస్నానం కాదు, ఊరి తిరునాళ్ల. రంగులరాట్నం, ఖర్జూరం కొట్లు, జీళ్లు, గాజుల దుకాణాలు, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు. వీటితో పాటు చెప్పుకొనదగినది గౌరీపరమేశ్వరుల ఉత్సవం. మట్టితో చేసిన గౌరీపరమేశ్వరుల ప్రతిమలను ఊరిలో నిలిపి పూజిస్తారు. కొన్ని ఊళ్లలో ఇది కార్తికమాసంలోనే మొదలవుతుంది. చివరిరోజున ప్రతిమలను ఊరేగించి నీటిలో కలుపుతారు. ఆ రోజును అనుపు అంటారు. ఇంటి ఆడపిల్లను అత్తవారింటికి సాగనంపినట్లు గౌరమ్మను సాగనంపడం. ఎంత చక్కని మాట! నిమజ్జనం అన్న సంస్కృతపదంలో నీరు ఉన్నది గాని ఆ కన్నీరు లేదు.

అనుపునాటి ఊరేగింపులో ముందు నడిచేవి నేలవేషాలు. వేదిక ఎక్కకుండ, నేలమీదనే, జనం మధ్యలోనే ఆడతారు కనుక ఆ పేరు. డప్పుల దరువుకు ఎగిరే పులులు, కీలుగుర్రాలు, బుట్టబొమ్మలు, కోలాటం, సాముగరిడీలు, ఉత్తరాంధ్రకే సొంతమైన తప్పెటగుళ్లు. రొమ్ముకు కట్టిన గుండ్రని రేకు వాద్యాన్ని రెండు చేతులా వాయిస్తూ, కాలి గజ్జెలు ఘల్లుమనగా తప్పెటగుళ్ల బృందం ఒక్కుమ్మడిగా ఎగిరి దూకుతుంటే చూచేవాని కాళ్లు కూడ ఊరుకొనవు. తిరుపతి గంగమ్మ జాతరలో మ్రొక్కు తీర్చుకొనడానికి మగవారు ఆడవేషం కట్టడం పేరెన్నికగన్న ఆచారం. చోడవరం సీమలో వేషం మ్రొక్కుకంటె వేడుకకే ఎక్కువగా చెందినది. ఫాల్గుణం చివర అనకాపల్లిలో నూకాంబిక అమ్మవారి జాతర ప్రారంభమయ్యేనాటికి ఈ వేడుకలన్నీ వరుసగా ముగింపుకు వస్తాయి.

నేడు ఈ ఉత్సవాలకు వచ్చే జనం తగ్గలేదు. బ్రతుకుతెరువు కోసం విశాఖకు, హైదరాబాదుకు వెళ్లినవారు సంక్రాంతికి తప్పక తిరిగివస్తారు. చందాలు పోగవుతాయి, విద్యుద్దీపాలు వెలుగుతాయి. కాని ఖర్చులో పెద్ద వాటా నేలమీది వేషానికి కాక ఎత్తైన వేదికకు పోతున్నది. రికార్డింగు డ్యాన్సుల పేరిట జరిగే అసభ్య ప్రదర్శనలను పోలీసులు నిలిపివేయడం తరచుగా వార్తలలో చూస్తూనే ఉన్నాము. అసభ్యత ఒక దోషమే. అయితే అంతకన్న లోతైన నష్టం మరొకటి జరిగింది. పులివేషానికి డప్పు చాలు, చూచే కన్ను చాలు. పిట్టలదొరకు వినే చెవి కావాలి. నాలుగు నిలువుల ఎత్తున పేర్చిన స్పీకర్ల హోరులో అతని మాట వినిపించదు. అందువలననే కంటికి సంబంధించిన వేషాలు నిలిచినవి, మాటకు సంబంధించినవి సన్నగిల్లినవి. పెద్దవానిని ముఖం ఎదుటనే పరిహసించే హక్కు కూడ మాటతోపాటే సన్నగిల్లుతున్నది.

పాతదంతా మంచిదని దీని అర్థం కాదు. వేషగాని కుటుంబం ఊరూరా తిరిగి చెట్లక్రింద వండుకొన్నది. వారి పిల్లలకు బడి అందలేదు. పార్వతి వేషంలో ఉన్నంతసేపు దండం పెట్టిన చేయి, రంగు కడిగిన తరువాత అదే మనిషిని అరుగు మీద కూర్చోనివ్వలేదు. అటువంటి తండ్రి తన కొడుకు చదువుకొని ఉద్యోగం చేయాలని కోరుకొంటే, కళ నశించిపోతున్నదని అతనిని నిందించే అధికారం ఎవరికీ లేదు. కళ్లంలో వాటా ఇవ్వడం మానినది ఊరే గదా! ఇప్పుడు ఆ వేషాలలో కొన్నింటిని ఊరి యువకులే, కులవృత్తితో నిమిత్తం లేకుండ, సరదాకు కడుతున్నారు. వారికి పద్యం రాకపోవచ్చు. సెల్‌ఫోను మీద నేటి నాయకుని మీద నాలుగు చెణుకులు విసరడం మాత్రం వస్తుంది. స్పీకరు కాసేపు ఆపితే అవి అందరికీ వినబడతాయి.

అనుపు ముగిసేసరికి తూర్పు తెల్లబడుతుంది. ప్రతిమలు చెరువులో కలిసిపోతాయి. పులివేషం కట్టినవాడు గట్టు మీద కూర్చొని ఒంటిరంగు వదలడానికి కిరసనాయిలు రుద్దుకొంటాడు. చారలు ముందు పోతాయి, పసుపుపచ్చ ఒక పట్టాన పోదు. మర్నాడు అతడు చెరకు నరకడానికి వంగినప్పుడు, చెవుల వెనుక ఆ రంగు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.