వైకల్య పింఛను: తిరస్కరణ నుంచి ట్రిబ్యునల్ తీర్పు దాకా

గత భాగంలో పరిపాలనా ట్రిబ్యునళ్లు ఎందుకు ఏర్పడ్డాయో తెలుసుకున్నాం. సాయుధ దళాల ట్రిబ్యునల్ కూడా అలాంటిదే. దాని ముందుకు వచ్చే వివాదాల్లో సామాన్య సిపాయి కుటుంబాన్ని నేరుగా తాకేది వైకల్య పింఛను. తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి అక్కడ తరతరాలుగా సైన్యంలో చేరుతున్నారు. అలాంటి ఊళ్లలో ఈ మాట ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. అందుకే ఈ అంశాన్ని కాస్త వివరంగా చూద్దాం.

5.1 వివాదం దేని మీద?

సైనికుడికి జబ్బు ఉందా లేదా అన్న దాని మీద సాధారణంగా తగాదా ఉండదు. బయటికి పంపేటప్పుడు సైనిక వైద్యమండలి పరీక్షించి, జబ్బు పేరు, వైకల్య శాతం రాస్తుంది. ఆ శాతం సాధారణంగా 20 లేదా అంతకు మించి ఉండాలి. అసలు పేచీ రెండో షరతు దగ్గర వస్తుంది. ఆ వైకల్యం సైనిక సేవ వల్ల కలిగిందా, లేదా ముందే ఉన్నది సేవ వల్ల ముదిరిందా? ఈ రెండూ కాదని వైద్యమండలి రాస్తే, దాని ఆధారంగా తిరస్కరణ ఉత్తరం ఇంటికి వస్తుంది.

సెలవులో జరిగిన ప్రమాదాన్ని తీసుకోండి. సెలవు మీద వస్తున్న మదన్ సింగ్ షెకావత్ అనే సైనికుడు రైలు దిగుతూ ప్రమాదానికి గురయ్యాడు. ప్రయాణ ఖర్చు ప్రభుత్వం భరించలేదు కాబట్టి అది డ్యూటీ కాదని అధికారులు వాదించారు. సైనికుడి మేలు కోసం పెట్టిన నియమాన్ని ఉదారంగా చదవాలంటూ సుప్రీంకోర్టు 1999లో అతనికి అనుకూలంగా తీర్పునిచ్చింది. జుజార్ సింగ్ కేసులో ఫలితం వేరు. అతను వార్షిక సెలవులో సొంత ఊళ్లో ఉండగా స్కూటర్ ప్రమాదం జరిగింది. ఆ గాయానికి సైనిక సేవతో సంబంధం లేదని 2011లో కోర్టు తేల్చింది. సెలవు మంజూరైందా అన్నదొక్కటే చూడరనీ, గాయానికీ సేవకూ మధ్య లింకు ఉండాలనీ ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

అవగాహన ప్రశ్న: సెలవు మీద వస్తున్న జవాను ఏలూరు స్టేషన్‌లో రైలు దిగుతూ పడ్డాడు. మరో జవాను సెలవులో ఇంటి దగ్గర ఉండి, సరుకులకు బైకు మీద వెళ్తూ గుండుగొలను జంక్షన్‌లో ప్రమాదానికి గురయ్యాడు. ఎవరి వాదన బలమైనది? ఎందుకు?

5.2 రుజువు చేయాల్సింది ఎవరు?

ప్రమాదానికి తేదీ, చోటు ఉంటాయి. జబ్బుకు అవి ఉండవు. మూర్ఛ, రక్తపోటు, మానసిక వ్యాధులు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పడం కష్టం. ఇక్కడే రుజువు భారం ఎవరిదన్న ప్రశ్న కేసును తేలుస్తుంది.

ధరమ్‌వీర్ సింగ్ 1985లో సిగ్నల్స్ దళంలో సిపాయిగా చేరాడు. దాదాపు తొమ్మిదేళ్ల తర్వాత, 1994లో, మూర్ఛవ్యాధి కారణంగా 20 శాతం వైకల్యంతో ఇంటికి పంపారు. జబ్బుకు సేవతో సంబంధం లేదని వైద్యమండలి రాసింది, పింఛను ఇవ్వలేదు. హైకోర్టులో ఏకసభ్య ధర్మాసనం దగ్గర గెలిచాడు, ద్విసభ్య ధర్మాసనం దగ్గర ఓడాడు. 2013 జులైలో సుప్రీంకోర్టు మళ్లీ అతని వైపే నిలిచింది.

కోర్టు 1982 నాటి అర్హతా నియమాలను ఒక క్రమంలో చదివింది. భర్తీ సమయంలో జబ్బు నమోదు కాలేదంటే అతను ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. తర్వాత వచ్చిన జబ్బు సేవాకాలంలో పుట్టిందనే తీసుకోవాలి. చేరేటప్పుడు ఆ జబ్బును కనిపెట్టడం సాధ్యం కాదని వైద్యమండలి అనుకుంటే, అందుకు కారణాలు రాయాలి. ధరమ్‌వీర్ సింగ్ కాగితాల్లో కారణాలేవీ లేవు. రుజువు భారం హక్కుదారుడిది కాదు. సహేతుకమైన సందేహం ఉంటే దాని ప్రయోజనం అతనికే దక్కాలి.

నా దృష్టిలో ఇది జాలితో ఇచ్చిన తీర్పు కాదు. భర్తీ పరీక్ష చేసిందీ, పాస్ చేసిందీ, రికార్డు దాచిందీ సైన్యమే. ఆ రికార్డు చేతిలో ఉన్నవారే వివరణ ఇవ్వాలనడం న్యాయమే కదా.

అయితే ఈ తీర్పును ప్రతి కేసుకూ కళ్లు మూసుకుని అంటించకూడదు. 2008లోనూ, 2023 సెప్టెంబరులోనూ కొత్త నియమాలు వచ్చాయి. 1982 నియమాల్లోని ఆరోగ్యంగా చేరాడన్న భావన 2008 నియమాల్లో అదే రూపంలో లేదు. బయటికి వచ్చిన పదిహేనేళ్ల తర్వాత హక్కు కోరితే రుజువు భారం హక్కుదారుడిదేనని అవి చెబుతాయి. కాబట్టి అప్పీలు చదివేవారు ముందు చూడాల్సింది సైనికుడు బయటికి వచ్చిన తేదీ.

5.3 శాతం లెక్క

నూరు శాతం వైకల్యానికి వైకల్య భాగం కింద చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. 2023కు ముందు బయటికి వచ్చిన వ్యక్తి చివరి జీతం రూ. 40,000 అనుకుందాం. నూరు శాతానికి రూ. 12,000 వస్తే, 20 శాతానికి రూ. 2,400 వస్తుంది. కానీ 50 కంటే తక్కువ శాతాన్ని 50గా లెక్కించే పద్ధతి ఉంది. అప్పుడు అది రూ. 6,000 అవుతుంది. జబ్బు వల్ల మధ్యలో పంపేసిన వారికే ఈ సర్దుబాటు చెల్లుతుందని ప్రభుత్వం వాదించేది. పూర్తికాలం పనిచేసి వైకల్యంతో రిటైరైన వారికీ వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

5.4 అప్పీలు దారి, గడువులు

తిరస్కరణ ఉత్తరం అందాక శాఖలోనే మొదటి అప్పీలు, అదీ పోతే రెండో అప్పీలు వేసుకోవచ్చు. వాటిని అప్పీలు కమిటీలు వింటాయి. తర్వాతి మెట్టు 2007 చట్టం కింద ఏర్పడి 2009 ఆగస్టులో పని మొదలుపెట్టిన సాయుధ దళాల ట్రిబ్యునల్. ఆంధ్రప్రదేశ్ కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన సభ్యుడు ఒకరు, సైన్యంలో ఉన్నత హోదాలో పనిచేసిన సభ్యుడు ఒకరు కలిసి వింటారు.

శాఖలో ఉన్న దారులు వాడుకున్నాకే ట్రిబ్యునల్‌కు రావాలి. అంటే జవాబు కోసం ఏళ్ల తరబడి కూర్చోవాలని కాదు. అప్పీలు పెట్టి ఆరు నెలలైనా ఉత్తర్వు రాకపోతే, ఆ దారి వాడుకున్నట్టే చట్టం లెక్కిస్తుంది. అక్కడి నుంచి మరో ఆరు నెలల్లో ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు.

ఆలస్యం వల్ల హక్కు పోకపోయినా డబ్బు పోతుంది. తర్సేమ్ సింగ్‌ను 1983లో జబ్బు కారణంగా సైన్యం నుంచి పంపారు. అతను 1999లో కోర్టుకు వెళ్లాడు. పింఛను రాకపోవడం నెలనెలా కొనసాగే అన్యాయం కాబట్టి పదహారేళ్ల తర్వాతైనా కేసు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2008లో అంగీకరించింది. బకాయిలు మాత్రం దావా వేయడానికి ముందు సుమారు మూడేళ్లకే పరిమితమని చెప్పింది. పైన చెప్పిన రూ. 6,000 లెక్కతో పన్నెండేళ్ల బకాయి ఎంతో మీరే గుణించి చూడండి.

5.5 ట్రిబ్యునల్ తర్వాత

ట్రిబ్యునల్ తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లాలంటే ప్రజాప్రాముఖ్యం గల న్యాయప్రశ్న ఉందని చూపి అనుమతి పొందాలి. తన ఒక్కడి పింఛను గురించి పోరాడే సిపాయికి అది తేలిక కాదు. 2015లో మేజర్ జనరల్ శ్రీకాంత్ శర్మ కేసు తీర్పుతో హైకోర్టు తలుపు కూడా దాదాపు మూసుకుపోయింది. 2023 మార్చిలో పరశోతమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు మళ్లీ తెరిచింది. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకున్న అధికారాన్ని ట్రిబ్యునల్ చట్టం తీసేయలేదని స్పష్టం చేసింది. అక్కడ హైకోర్టు రెండో అప్పీలు కోర్టులా సాక్ష్యాన్ని మళ్లీ తూకం వేయదు. ట్రిబ్యునల్ తన పరిధి దాటిందా, రికార్డులో కనిపించే తప్పు చేసిందా అని చూస్తుంది. చెన్నైలో ఓడిన గుండుగొలను మాజీ సైనికుడు ఇప్పుడు ఢిల్లీ దాకా పోకుండా అమరావతిలోని హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు.