జవాబు జేబులో వుంది... మరి ప్రశ్న?

"మీలో ఎవరు కోటీశ్వరుడు"కీ, "ఎవరు మీలో కోటీశ్వరులు"కీ తేడా ఏమిటో చెప్పగలరా?

"మాటలు అటూ యిటూ మారాయి, అంతేగా!" అన్నారో, మీ లైఫ్‌లైన్ ఒకటి అప్పుడే ఖర్చయిపోయినట్టే! మొదటిది 2014 జూన్‌లో మా టీవీలో అక్కినేని నాగార్జున మొదలుపెట్టిన కార్యక్రమం. 2017లో ఆ కుర్చీలోకి మెగాస్టార్ చిరంజీవి వచ్చారు. రెండోది 2021 ఆగస్టులో జెమినీ టీవీలో జూనియర్ ఎన్.టి.ఆర్. మొదలుపెట్టింది. తొలి ఎపిసోడ్‌కి అతిథిగా వచ్చినవారు రామ్‌చరణ్. రెండింటికీ తల్లివేరు ఒక్కటే. 1998 సెప్టెంబరులో ఇంగ్లండులో పుట్టిన పోటీ అది. 2000 జూలైలో అమితాబ్ బచ్చన్ గొంతుతో హిందీలోకి వచ్చింది. అక్కణ్ణించి మన బుల్లితెరకి దిగింది.

ఇవన్నీ మన సినిమా అభిమానులకి కొట్టిన పిండే. "ఇంతోటి దానికి బుర్ర బద్దలు కొట్టుకోవాలా? సెల్‌ఫోన్ తీసి అడిగితే క్షణంలో చెప్పేస్తుంది" అనే గడుసువాళ్ళూ వున్నారు. వాళ్ళ మాట అబద్ధమేమీ కాదు. జవాబు నిజంగానే జేబులో వుంది. మరి ప్రశ్న ఎక్కడుంది? అసలు సంగతంతా అక్కడే వుంది!

తిరగేసిన పోటీ

అమెరికాలో "జెపర్డీ" అని ఒక టీవీ పోటీ వుంది. 1964 మార్చి 30న మొదలైంది. మధ్యలో కొన్నేళ్ళు ఆగినా, ఈనాటికీ నడుస్తోంది. చిత్రమేమిటంటే అందులో యజమాని ప్రశ్న అడగడు, జవాబు చెబుతాడు! దానికి తగిన ప్రశ్నని పోటీదారు చెప్పాలి. "ఈయన వెండితెర 'జంజీర్' హీరో" అంటే, "అమితాబ్ బచ్చన్ ఎవరు?" అనాలన్నమాట. ఈ పోటీ పేరు మీద బల్లమీద పెట్టుకునే క్యాలెండర్లు కూడా వచ్చాయి. రోజుకో కాగితం, కాగితానికో ప్రశ్న. పొద్దున చించడం, చదవడం, ఆఫీసుకి పరుగెత్తడం!

అలాంటి క్యాలెండర్ ఒకటి మన హైటెక్ సిటీ కోసం వేస్తే? సరదాగా నాలుగు కాగితాలు చించి చూద్దాం రండి.

నవంబరు 22

1998లో ఈ తారీఖున మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. ఇంతవరకూ పోటీ పరీక్షల పుస్తకాల్లో దొరుకుతుంది. మరి ఆ "హైటెక్" అనే పేరు ఎలా వచ్చింది? "హై టెక్నాలజీ కాబట్టి హైటెక్" అని పదిమందిలో తొమ్మిదిమంది అంటారు. బోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కసారి కూడబలుక్కుని చూడండి. హెచ్, ఐ, టి, ఇ, సి. హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సిటీ అన్న పొడుగాటి పేరుకి అది పొట్టి రూపం! రోజూ ఆ బోర్డు కిందనుంచే బైకుల మీద వెళ్ళే కుర్రకారులో ఎందరికి ఈ సందేహం వచ్చి వుంటుంది చెప్పండి?

మార్చి 20

2019లో ఈ రోజున అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో రైలు నడిచింది. తారీఖు గుర్తుపెట్టుకుంటే ఒక మార్కు వస్తుంది, అంతే. ఆ రెండు స్టేషన్ల మధ్య ఏముందో ఆలోచించండి. అమీర్‌పేటంటే కంప్యూటర్ కోర్సుల కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, గోడలనిండా పోస్టర్లు. హైటెక్ సిటీ అంటే ఆ కోర్సులు నేర్చుకున్నవాళ్ళు ఎక్కాలని కలలుగనే మెట్లు. కృష్ణా నుంచి, కరీంనగర్ నుంచి, కడప నుంచి పెట్టె సర్దుకుని వచ్చిన కుర్రాళ్ళూ అమ్మాయిలూ ఆ కాస్త దూరం దాటడానికి ఏళ్ళు పట్టేది. రైలుకి మాత్రం అరగంట కూడా పట్టదు!

సెప్టెంబరు 25

2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. ఆ వంతెనకి ఒకపక్క సినిమావాళ్ళ జూబ్లీహిల్స్, రెండోపక్క సాఫ్ట్‌వేర్ వాళ్ళ మాదాపూర్. సెల్ఫీలు దిగనివాళ్ళు లేరు. మరి వంతెన కింద నీళ్ళ సంగతి? ఆ చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. గోలకొండ కోటకి మంచినీళ్ళు ఇచ్చిన చెరువుగా దానికి పేరు. చుట్టూ బండరాళ్ళు కమ్ముకుని కంటికి కనిపించకుండా వుండేది కనుక "సీక్రెట్ లేక్" అన్నారు. ఇక ఆ బండల వయసెంతో తెలుసా? సుమారు 250 కోట్ల సంవత్సరాలు! హాట్ సీట్లో కూర్చున్నవాళ్ళు ఒక్క కోటి కోసం చెమటలు పట్టిపోతుంటే, మన కాళ్ళ కింద 250 కోట్లు పడివున్నాయన్నమాట!

నవంబరు 1

ఈ కాగితం కాస్త బరువైనది. 2021 నవంబరులో "ఎవరు మీలో కోటీశ్వరులు" పోటీలో ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు అక్షరాలా కోటి రూపాయలు గెలిచారు. ఆ పోటీలో కోటి దాకా వెళ్ళిన మొదటి మనిషి ఆయనే. ఆఖరి ప్రశ్న సినిమా గురించీ కాదు, క్రికెట్ గురించీ కాదు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకి ఆధారమైన కమిషన్ ఏది అని! జవాబు ఫజల్ అలీ కమిషన్. ఆ సంవత్సరం నవంబరు 1నే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

కోటి అక్కడితో అయిపోయింది కానీ కథ అయిపోలేదు. ఆ కమిషన్ 1955లో ఇచ్చిన నివేదికలో ఏమని రాసింది? తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రంగా వేరుగానే వుంచాలనీ, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండువంతుల మంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపవచ్చుననీ! జరిగింది వేరు. 1956లోనే కలిపేశారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం మళ్ళీ వేరయింది. కమిషన్ పేరు ఒక్కటే బట్టీపట్టినవాడికి నాలుగు ఆప్షన్లలో ఒకటి దొరుకుతుంది. "ఆ కమిషన్ ఏమంది? చివరికి ఏమైంది?" అని అడిగినవాడికి తన రాష్ట్రం చరిత్రే దొరుకుతుంది. చూశారా తేడా!

ప్రశ్న అడగకపోతే?

"ప్రశ్న అడగకపోతే కొంప మునుగుతుందా ఏమిటి?" అంటారేమో. మునుగుతుంది! కౌన్ బనేగా కరోడ్‌పతి పేరు చెప్పి దేశమంతా ఒక మోసం నడిచింది. "మీ నంబరుకి 25 లక్షల లాటరీ తగిలింది" అని వాట్సాప్‌లో ఒక కబురు వస్తుంది. వెంట అమితాబ్ బొమ్మ, రంగురంగుల ముద్రలు. సంబరపడి ఫోన్ చేస్తే "పన్ను కట్టాలి, ఫీజు కట్టాలి" అంటూ వేలకి వేలు లాగేస్తారు. ఇందులో పడినవాళ్ళు చదువురానివాళ్ళే అనుకుంటే పొరపాటు. వాళ్ళకి కావలసిన జవాబు గూగుల్‌లోనే వుంది. కానీ, "నేను లాటరీ టిక్కెట్టు కొనలేదు కదా, బహుమతి ఎలా వచ్చింది?" అన్న ఒక్క ప్రశ్న ఆ క్షణాన తట్టలేదు. అదీ జరిగింది!

సాఫ్ట్‌వేర్ నగరం పేరుతోనే సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ 2003లో ఏర్పడింది. క్విజ్‌లో కోటి గెలిచినవారు పోలీసు. క్విజ్ పేరు మీద డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు వెళ్ళవలసిందీ పోలీసుల దగ్గరికే! అలాంటివాళ్ళ కోసం దేశమంతటికీ పనిచేసే నంబరు 1930. ఇది కూడా జనరల్ నాలెడ్జే. ఎంత తొందరగా ఫోన్ చేస్తే పోయిన డబ్బు ఆపడానికి అంత అవకాశం వుంటుంది. ఇంట్లో అమ్మకీ నాన్నకీ ఈ ఒక్క జవాబు మాత్రం తప్పకుండా బట్టీ పట్టించండి.

కుర్రకారుకి ఒక మాట

హైదరాబాదుకి ఈ ప్రశ్నల పిచ్చి నిన్నా మొన్నా పుట్టింది కాదు. టీవీలో కోట్లు కురవకముందే, 1972లోనే ఇక్కడ "కె సర్కిల్" అనే క్విజ్ క్లబ్బు వెలిసింది. కోటి ఆశ లేకుండానే జనం కూడి ప్రశ్నలు వేసుకున్నారు. తెలుసుకోవడంలో వున్న మజా అలాంటిది.

"స్లమ్‌డాగ్ మిలియనీర్" చూశారు కదా. 2009లో 8 ఆస్కార్లు కొట్టుకొచ్చిన సినిమా. అందులో హీరో జమాల్ కాల్ సెంటర్లో టీ అందించే కుర్రాడు. పుస్తకాలు తిరగేసినవాడు కాదు. అడిగిన ప్రశ్నలు చాలావాటికి అతని బతుకులోనే ఒక గాయమో, ఒక జ్ఞాపకమో జవాబై నిలబడుతుంది. సినిమా కాబట్టి అలా కలిసివచ్చిందనుకోండి. కానీ మనం రోజూ తిరిగే దారిలో కూడా జవాబులు అలాగే నిలబడి వున్నాయి. మాదాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ... ఈ పేర్లన్నీ అద్దాల మేడలు లేవకముందే వున్న ఊళ్ళవి. అక్కడి టీకొట్టు పెద్దాయన్ని "తాతా, ఈ మేడ కట్టకముందు ఇక్కడ ఏముండేది?" అని అడిగి చూడండి. ఏ ఫోనూ చెప్పని సంగతి ఆయన చెప్పవచ్చు.

క్యాలెండర్ కాగితం చించడానికి ఒక్క సెకను చాలు. చించేముందు దాని మీది జవాబుకి "ఎందుకు?" అని ఒక్క ప్రశ్న తగిలించండి. ఏడాదికి 365 ప్రశ్నలవుతాయి. వాటితో హాట్ సీటుకి పిలుపు వస్తే మంచిదే. రాకపోయినా, పాతిక లక్షల కబురు వచ్చిననాడు మాత్రం అవే మీ పర్సుకి కాపలా!