లవ్ అన్నంత మాత్రాన లవ్ కాదు!

ఈ రోజు చిన్న విషయమే, కానీ తెలియకపోతే పరువు పోతుంది.

నా మొదటి ఉద్యోగంలో అమెరికా క్లయింటు ఒకావిడకి చాట్‌లో "ఓకే డియర్" అని పెట్టాను. మర్యాదే అనుకున్నా. మా టీమ్ లీడ్ పక్కకి పిలిచి, "ఆవిడ నీకేమవుతుంది?" అన్నాడు. చెమటలు పట్టేశాయి.

విషయం ఏంటంటే, ఉత్తరం మొదట్లో పేరుకి ముందు రాసే డియర్ మర్యాద. మాట చివర తగిలించే డియర్ చనువు. ఒక్కోసారి ఎదుటివాళ్లని చిన్నపిల్లల్ని చేసి మాట్లాడినట్టు కూడా ఉంటుంది.

హనీ, స్వీటీ, బేబ్... ఇవి ఇంట్లోవాళ్లకి, ప్రేమించినవాళ్లకి. కానీ అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో హోటల్లో వడ్డించే ఆవిడ మనల్ని కూడా హనీ అంటుంది. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ వైపు బస్సు డ్రైవర్ కూడా లవ్ అంటాడు. నాటింగ్‌హామ్, డెర్బీ వైపు డక్ అంటారు. బాతు అని తిట్టడం కాదండోయ్, ఉత్త పలకరింపు!

మనమూ అంతేగా? నరసరావుపేట మార్కెట్లో కూరగాయలమ్మే ఆవిడ "ఏం కావాలి నాన్నా" అంటుంది. ఆవిడకి మనం తండ్రి అవుతామా? అదే మాట మనం బ్యాంకు మేనేజరుతో అంటామా? అనం కదా.

కాబట్టి ఒక్కటే గుర్తుపెట్టుకోండి. వాళ్లు అలా పిలిస్తే నవ్వి ఊరుకోండి, కంగారుపడొద్దు. మీరు మాత్రం తిరిగి అనొద్దు. ఆఫీసులో అయితే పేరు పెట్టి పిలిస్తే చాలు.

మళ్లీ కలుద్దాం, ఉంటాను.