నేల కింది తీగ

1905లో బెంగళూరు వీథులలో విద్యుద్దీపాలు వెలిగాయి. కావేరి నదిపై శివనసముద్రం వద్ద ఉత్పత్తి అయిన కరెంటు తీగల మీదుగా నగరానికి చేరింది. ఆ నగరంలో చెట్లు ఎక్కువ. గాలివానకు కొమ్మలు విరిగి తీగల మీద పడితే వీథి అంతా చీకటే. అందువల్ల ఇటీవలి సంవత్సరాలలో చాలాచోట్ల భూగర్భ కేబుళ్లు వేశారు. స్తంభం నుండి ఇంటి మీటరు వరకు కూడా నేలలోనే కేబులు వేయించుకునేవారున్నారు.

గోడలలో వాడే మామూలు తీగ మట్టిలో పనికిరాదు. తేమ, చెదలు, ఎలుకలు దానిని పాడుచేస్తాయి. నేలలో వేసే కేబులుకు ఉక్కు కవచం ఉంటుంది. ఆ కవచాన్ని తప్పక ఎర్తుకు కలపాలి. లేకపోతే రక్షణ కోసం పెట్టిన ఉక్కే ప్రమాదం తెస్తుంది. ఇంటిలో వాడే కరెంటును, దూరాన్ని లెక్కగట్టి కేబులు లావును నిర్ణయిస్తారు. అదే లావుగల రాగితీగ మోసినంత కరెంటును అల్యూమినియం తీగ మోయలేదు.

కందకం కనీసం 75 సెంటీమీటర్ల లోతు ఉండాలి. రాళ్లు ఏరివేసి, ఇసుక పరచి, కేబులు ఉంచి, మళ్లీ ఇసుక పోసి, దానిపై వరుసగా ఇటుకలు పేరుస్తారు. ఈ ఇటుకలు ఎందుకు? పదేళ్ల తరువాత ఎవరో కొబ్బరిమొక్క నాటడానికి అక్కడే గునపం వేస్తారు. గడ్డి మొలిచిన ఆ నేల కింద కరెంటు ఉన్నదని అప్పటికి ఇంటివారికే గుర్తుండదు. గునపానికి ఇటుక తగలగానే తవ్వేవాడు ఆగుతాడు. ప్రాణం దక్కుతుంది.

నడుమ అతుకు లేకుండా ఒకే కేబులు వేయడం మేలు. అతుకు సరిగా లేకపోతే నీరు దిగుతుంది. పూడ్చకముందే లైసెన్సుగల పనివాడు ఇన్సులేషన్‌ను పరీక్షించాలి. కందకం ప్రహరీగోడకు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నదో కొలిచి, కాగితం మీద గీసి, ఇంటి పత్రాలతో భద్రపరచాలి. ఇల్లు అమ్మినప్పుడు కొన్నవారికి ఆ కాగితం కూడా ఇవ్వాలి.