చేపల తొట్టికి ఎక్కుడు, దిగుడు గొట్టములు

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల చేపల తొట్టిలో సుమారు 680 లీటర్ల నీరు పట్టును. ఆ నీటిని క్రింది తొట్టిలోనికి దింపి, వడగట్టి, మరల పైకి పంపుటకు గొట్టములు కావలెను. రెండును ఒకే కొలతవైన చాలునని పలువురి తలంపు. మేము దీనిని అంగీకరింపము. ఎక్కు నీటిని పంపు త్రోయును. దిగు నీటికి తన బరువే ఆధారము, పైగా అది గాలిని కూడ వెంటగొనిపోవును. నీరు గంటకు ఐదుమారులు తిరుగవలెనన్నచో 3,400 లీటర్లు. ఎక్కుటకు అంగుళపు గొట్టముతో సరిపెట్టుకొన్నను, దిగుటకు అంగుళమున్నర తప్పదు. పంపు పెట్టెపై ముద్రించిన లెక్క ఎత్తు లేనప్పటిది. ఐదడుగులు ఎక్కించునపుడు అది తగ్గును.

చెరువునకు తూముతో బాటు అలుగును ఉండును గదా! ఇచ్చటను అంతే. నత్తయో, ఆకో అడ్డుపడిన దినమున ప్రవాహమునంతటిని మోయగల రెండవ దిగుడు గొట్టము ఉండవలెను.

ఇక కరెంటు పోయినపుడు చూడుడు. పంపు ఆగగానే, నీరు ఎక్కిన గొట్టముననే వెనుకకు దిగజొచ్చును. ఈ తొట్టిలో అంగుళము మట్టమనగా 28 లీటర్లు. గొట్టపు మూతి మూడంగుళములు మునిగియున్నచో 85 లీటర్లు! క్రింది తొట్టిలో అంత ఖాళీ లేనిచో మిగిలినది గచ్చు మీదికే. నీటిని ఒకవైపే పోనిచ్చు వాల్వును నమ్ముట మాకు సమ్మతము గాదు. నాచు పట్టిన పిదప అది పూర్తిగా మూసికొనదు. మూతిని మట్టమునకు అరంగుళము దిగువన మాత్రమే ఉంచి, చేపలను వదలక పూర్వమే ఒకమారు పంపును ఆపి చూడవలెను.